కథ చెప్పి అమ్మడం: తగవు ఎంతదాకా వచ్చింది

కొంపల్లి నుంచి మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన హోర్డింగులు చదువుకుంటూ పోతే, ఇల్లు అమ్ముతున్నామని నేరుగా చెప్పేవి తక్కువ. సైకిలు తొక్కే మనవడు, చూసి మురిసిపోయే తాత, పచ్చటి తోట, అప్పుడే తెల్లవారిన ఆకాశం. ధర ఒక మూలన ఉంటుంది. రెరా నంబరు ఇంకా కింద, ఇంకా సన్నటి అక్షరాల్లో. వ్యాపారం చేసేవాడికి కథ చెప్పడం రావాలన్న మాట పెద్ద కంపెనీల శిక్షణ తరగతుల్లో మొదలై ఇప్పుడు వెంచర్ల సైట్ ఆఫీసుల దాకా దిగింది. స్టోరీటెల్లింగ్ పేరుతో వర్క్‌షాపులు వచ్చాయి, కోర్సులు వచ్చాయి, కన్సల్టెంట్లు వచ్చారు. వాళ్ల వెనకే అనుమానించేవాళ్లూ వచ్చారు. కథ లేకపోతే ఎవరూ వినరని ఒక పక్షం, కథ వల్లే మోసపోతున్నామని ఇంకో పక్షం, కథను అంకెలకు కట్టేస్తే సరిపోతుందని మూడో పక్షం. ఎవరికి అనుకూలమైన ఉదాహరణలు వాళ్లు పట్టుకుని మాట్లాడటంతో తగవు చిక్కుపడిపోయింది.

ఆ చిక్కు విప్పి చూడటానికి కొంపల్లి పరిసరాలు బాగా పనికొస్తాయి. మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్, శామీర్‌పేట దాటితే తుర్కపల్లిలో భారత్ బయోటెక్, ఇటు బహదూర్‌పల్లిలో ఒకప్పటి సత్యం కంప్యూటర్స్ టెక్నాలజీ సెంటర్, వీటి మధ్య ఎన్నెన్నో ప్లాట్ల వెంచర్లు. అన్నీ ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివే. ప్రపంచంలో ఈ విషయం మీద జరిగే వాదనలన్నింటికీ ఇక్కడే ఒక్కో సాక్ష్యం దొరుకుతుంది. ఏ పక్షానికీ పూర్తిగా అనుకూలించని సాక్ష్యాలు కావడం వాటి అసలు విలువ.

పేరు కొత్తది, పని పాతది

శాతవాహన రాజు కొలువులో గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథ రాశాడని చెబుతారు. ఆ మూలం ఇప్పుడు దొరకదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో చెప్పిన కథాసరిత్సాగరం ద్వారా దాని కథలు మిగిలాయి. అందులో ఒక ఎలుక వర్తకుడు ఉన్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రవాడు ఒక షావుకారు దగ్గర చచ్చిన ఎలుకను పెట్టుబడిగా అడిగి తీసుకుని, దానికి పత్రం కూడా రాసిస్తాడు. పిల్లిని పెంచే వర్తకుడికి ఆ ఎలుకను రెండు దోసిళ్ల శనగలకు ఇస్తాడు. శనగలు పిండి కొట్టి, కడవెడు నీళ్లతో ఊరి బయట నీడన కూర్చుని, అలసిపోయి వచ్చే కట్టెలవాళ్లకు పెడతాడు. వాళ్లు తలా రెండు కట్టెలిస్తారు. అవి అమ్మి మళ్లీ శనగలు కొంటాడు. ఒక వానాకాలం కట్టెలకు కరువొచ్చి దాచిన సరుకు మంచి ధర పలుకుతుంది. చివరికి బంగారు ఎలుకను చేయించి షావుకారు అప్పు తీరుస్తాడు.

నేటి స్టార్టప్ పిచ్‌లకూ దీనికీ ఉన్న తేడా గమనించాలి. ఎలుక వర్తకుడి కథలో ప్రతి మలుపు దగ్గరా జమాఖర్చు కనబడుతుంది. ఏది ఇచ్చి ఏది తీసుకున్నాడో చెప్పకుండా కథ ముందుకు కదలదు.

రెండో సంప్రదాయం తెలంగాణ పల్లెలది. ఇక్కడ ఒక్కో వృత్తి కులానికి దాని పుట్టుక కథను చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. వీరిలో కొందరు, చేర్యాల నకాశీ కళాకారులు గుడ్డ మీద వరుస బొమ్మలుగా గీసిన పటాన్ని విప్పుకుంటూ పాడేవారు. ఆ పటాలకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తామరతూళ్లతో భావనారుషి దేవతలకు వస్త్రం నేసిన కథ చీర కొనేవాళ్ల కోసం పుట్టలేదు. మగ్గం మీద కూర్చునేవాడికి తన పని ఏపాటిదో గుర్తుచేయడానికి పుట్టింది. ఈనాటి భాషలో చెప్పాలంటే అది సంస్థ లోపలి కథ. పైగా వినే కులం మొత్తానికి ఆ కథ ముందే తెలుసు. తప్పు చెబితే పట్టుకునేవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉండేవారు, చెప్పినవాడికి ముట్టాల్సింది ముట్టజెప్పేదీ వాళ్లే.

అచ్చు యంత్రం, పత్రికలు వచ్చాక కథ ముక్కూముఖం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత సభల్లో ఉచితంగా పంచాడని ప్రసిద్ధి. 1908లో ఆంధ్రపత్రిక పెట్టాడు. ప్రకటన ఏం చెప్పినా, నుదుటికి రాసుకుంటే నొప్పి తగ్గిందో లేదో కొనకముందే తెలిసిపోయేది. బ్రాండ్ కథల చరిత్ర రాసేవారు ఆయన పత్రికను తలచినంతగా ఆ ఉచిత నమూనాను తలచరు.

కథ కావాలనేవారి వాదం

విద్యాపరంగా ఈ పక్షానికి పునాదులు 1980ల్లో పడ్డాయి. మనిషి ప్రధానంగా కథలు చెప్పుకునే ప్రాణి అనీ, ఏ వాదననైనా అది కథగా అతుకుతుందా, తన అనుభవానికి సరిపోతుందా అని చూసే నమ్ముతాడనీ వాల్టర్ ఫిషర్ 1984లో ప్రతిపాదించాడు. తర్కంతో ఆలోచించడం, కథగా ఆలోచించడం రెండు వేర్వేరు దారులని, ఒకటి రెండోదానిలో కరగదని జెరోమ్ బ్రూనర్ 1986లో అన్నాడు.

వ్యాపారుల చెవిన వేసింది మాత్రం స్టీఫెన్ డెన్నింగ్. 1996లో ప్రపంచ బ్యాంకులో జ్ఞాన నిర్వహణ గురించి ఎన్ని చార్టులు చూపించినా పై అధికారులు కదలలేదు. జాంబియాలో ఒక మారుమూల పట్నంలోని ఆరోగ్య కార్యకర్త మలేరియా చికిత్స కోసం అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో సమాధానం వెతికి పట్టుకున్నాడన్న చిన్న ఉదంతం చెప్పి, ఆ చిత్రంలో మన బ్యాంకు ఎక్కడా లేదేమని అడిగాక కదిలారు. సినిమా రచన నేర్పే రాబర్ట్ మెకీతో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ 2003లో చేసిన ముఖాముఖి ఈ ఊపును కంపెనీ అధిపతుల దాకా తీసుకెళ్లింది. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పై స్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ వద్దని, వాక్యాలతో నడిచే వివరణ రాసుకురమ్మని ఆదేశించాడు. దీన్నీ కథకు విజయమని చెప్పుకుంటారు గానీ, బెజోస్ అడిగింది భావోద్వేగం కాదు. బుల్లెట్ పాయింట్ల మధ్య దాక్కునే బద్ధకపు ఆలోచనను బయటికి లాగే వచనం అడిగాడు. కథ పక్షం తన ఖాతాలో వేసుకున్న విజయాల్లో ఇలా పక్కింటివి కొన్ని ఉన్నాయి.

మన దగ్గర ఈ పక్షానికి బలమైన సాక్షి శాంతా బయోటెక్నిక్స్. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె.ఐ. వరప్రసాదరెడ్డి 1992లో జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లారు. హెపటైటిస్-బి టీకా సాంకేతికత భారతీయులకు ఇచ్చినా అర్థంకాదన్న చిన్నచూపు అక్కడ ఎదురైందనీ, ఆ అవమానంలోంచే తల్లి శాంతమ్మ పేరిట 1993లో సంస్థ పుట్టిందనీ ఆయన చెబుతూ వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ పరిశోధనా సంస్థలో చోటు సంపాదించి పరిశోధన నడిపారు. దేశంలో బ్యాంకులు వెనకాడితే ఒమన్ నుంచి పెట్టుబడి వచ్చింది. 1997 ఆగస్టులో దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా షాన్‌వ్యాక్-బి విడుదలైంది, దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే.

కథగా దీనికి లోటు లేదు: అవమానం, తల్లి పేరు, పరాయి దేశపు పెట్టుబడి, గెలుపు. అయితే శాంతాను నిలబెట్టింది కథేనా? టీకా వేసుకున్నవాడి రక్తంలో యాంటీబాడీలు వచ్చాయో లేదో పరీక్ష చెబుతుంది. ధర డబ్బా మీద ఉంటుంది. కథ తలుపు తీసింది, లోపలికి వచ్చినవాళ్లకు చూడటానికి సరుకు ఉంది. 2009లో సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. 2010లో దాని అయిదు జబ్బుల టీకా షాన్-5 సీసాల్లో తెల్లటి మడ్డి కనబడటంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హతను తీసేసింది. జెనీవా అవమానం కథ అప్పుడు ఏమాత్రం అడ్డుపడలేదు, పడకూడదు కూడా. ప్రక్రియ సరిదిద్దుకుని 2014లో అర్హత తిరిగి తెచ్చుకున్నారు. స్థాపకుల కథ చెప్పే పుస్తకాలు సాధారణంగా 1997 దగ్గర ఆగిపోతాయి.

ప్రయోగశాలలు తేల్చినది, తేల్చనిది

కథ పక్షం వర్క్‌షాపుల్లో ఎక్కువగా వినబడే అంకె ఒకటుంది: ఉత్త వాస్తవం కంటే కథలో చెప్పిన వాస్తవం 22 రెట్లు గుర్తుంటుందని. దాన్ని బ్రూనర్‌కు అంటగడతారు. ఆ కొలత తీసిన ప్రయోగాన్ని మాత్రం ఎవరూ చూపించరు. కథ వింటే మెదడులో ఆక్సిటోసిన్ పెరుగుతుందనీ, దాంతో నమ్మకం పెరుగుతుందనీ చెప్పే మాట కూడా అంతే జోరుగా తిరుగుతుంది. ఆక్సిటోసిన్‌కూ నమ్మకానికీ ముడిపెట్టిన తొలి ఫలితాలు మళ్లీ చేసి చూసినప్పుడు నిలకడగా రాలేదు.

గట్టి ఫలితాలు లేవని కాదు. కథలో మునిగినవాడు ఎదురువాదన చేయడం తగ్గించి, కథకు అనుకూలమైన నమ్మకాల వైపు జరుగుతాడని మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ 2000లో చూపించారు. 2007లో స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ చేసిన ప్రయోగం ఇంకా పేరుమోసింది. ఆఫ్రికాలో ఆకలి గురించి గణాంకాలు చదివినవారు సగటున 1.14 డాలర్లు దానమిచ్చారు. మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. పాప కథతోపాటు గణాంకాలు కూడా ఇస్తే దానం 1.43 డాలర్లకు పడిపోయింది. కథకు అంకె తోడైతే బలం పెరుగుతుందన్న మన సహజమైన ఊహకు ఇది దెబ్బ.

ఇక రెంటినీ పోటీకి పెట్టి చూసిన అధ్యయనాలు ఒక్క దిక్కు చూపవు. మైక్ అలెన్, రేమండ్ ప్రైస్ 1997లో అప్పటి ప్రయోగాలను కలిపి చూస్తే, ఒప్పించడంలో గణాంకాలదే కాస్త పైచేయి అయింది. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు చేసిన సంకలనం దాన్ని కొంచెం విడదీసింది: నమ్మకాన్నీ వైఖరినీ మార్చడంలో గణాంకాలు, ఫలానా పని చేద్దామన్న ఉద్దేశాన్ని పుట్టించడంలో కథలు ముందున్నాయి. 2024లో అచ్చయిన గ్రేబర్, రాత్, జిమర్‌మన్‌ల పరిశోధన కాలాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. నమ్మకాల మీద గణాంకం వేసిన ముద్రలో ఒక్క రోజులో 73 శాతం చెరిగిపోతే, కథ వేసిన ముద్రలో 32 శాతమే చెరిగింది.

అంటే అక్కడికక్కడ నమ్మించడానికి అంకె, తెల్లారేదాకా గుర్తుండటానికి కథ, చెయ్యి కదిలించడానికీ కథే. అమ్మేవాడికి ఈ మూడింటిలో ఏది కావాలో చెప్పక్కర్లేదు. కొనేవాడికి ఏది కావాలన్న ప్రశ్న ఈ ప్రయోగాల్లో చాలావాటికి బయటే ఉండిపోయింది. కథ పనిచేసిందా అని కొలిచారు గానీ, కథ విన్నవాడు బాగుపడ్డాడా అని కొలవలేదు.

అనుమానించేవారు

ఈ పక్షంలో రెండు పాయలున్నాయి. మొదటిది మనసు బలహీనత గురించి మాట్లాడుతుంది. విడివిడి సంఘటనల మధ్య లేని కారణాలను అల్లుకుని తృప్తిపడే మన అలవాటును నసీం తాలెబ్ 2007లో ఎండగట్టాడు. అదే ఏడు ఫిల్ రోజెన్‌జ్వైగ్, కంపెనీ లాభాల్లో ఉన్నప్పుడు దూరదృష్టి అని పొగిడిన గుణాన్నే నష్టాలొచ్చాక అహంకారమని రాస్తారని బిజినెస్ పుస్తకాల గుట్టు విప్పాడు.

రెండో పాయ సంస్థల లోపలికి చూస్తుంది. జోన్ మార్టిన్, సహచరులు 1983లోనే ఒక తమాషా సంగతి బయటపెట్టారు. మా కంపెనీలాంటిది ఇంకొకటి లేదని చాటే కథలు అన్ని కంపెనీల్లోనూ దాదాపు అవే ఏడు మూసల్లో తిరుగుతున్నాయి. కొంపల్లి బ్రోచర్లు నాలుగు పక్కపక్కన పెట్టుకున్నవారికి ఈ పరిశోధనకు వేరే రుజువు అక్కర్లేదు. డేవిడ్ బోజే 1991లో ఒక ఆఫీసు సామగ్రి కంపెనీలో కథలు ఎలా నడుస్తాయో గమనించి, అవి వేదికల మీద వినబడేంత నిండుగా ఉండవని, ముక్కలుగా, సగం సగంగా, ఒకరి మాట ఇంకొకరు తెంపుతూ సాగుతాయని చెప్పాడు. అధికారికంగా ఒక్క కథే వినబడుతోందంటే మిగతావాటి నోరు నొక్కినట్టేనన్నది ఆయన తర్వాతి వాదన.

సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఈ పక్షానికి నచ్చిన సాక్ష్యం. బహదూర్‌పల్లి క్యాంపస్ హైదరాబాద్ ఐటీ కథకే ముఖచిత్రంగా ఉన్న రోజుల్లో, త్రైమాసికం తర్వాత త్రైమాసికం ఎదుగుతున్న కంపెనీగా లోకం దాన్ని చూసింది. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడా ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నాడు. పులి మీద స్వారీ చేస్తూ, దిగితే తినేస్తుందన్న భయంతో ఉన్నట్టు పోల్చుకున్నది కూడా ఆ లేఖలోనే. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయన్ను దోషిగా తేల్చింది. అప్పీలు మీద శిక్ష అమలు నిలిచింది.

ఆ ఒప్పుకోలు లేఖ కథనంగా చదవదగ్గది. మొదట చిన్న తేడా ఉండేది, అది ఏడాదికేడాది పెరిగింది అన్న ధోరణిలో నడుస్తుంది. తేడా తనంతట తానే పెరిగినట్టుంటుంది, పెంచిన చేయి వాక్యంలో కనబడదు. ఆ మీదట పులి వచ్చి స్వారీ చేసేవాడి మీద జాలి పుట్టిస్తుంది.

అయితే ఈ ఉదంతాన్ని కథకు వ్యతిరేకంగా వాడేవారు ఒకటి మరచిపోతారు. సత్యంలో అబద్ధం పుట్టింది బ్యాలెన్స్ షీటులో. ఇన్వాయిసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిటర్ సంతకం, అన్నీ అంకెలే. కథలు వద్దు, అంకెలు చూపించమని అడిగే మదుపరిని ముంచింది ఆ అంకెలే. కాబట్టి కథా అంకెలా అని గీత గీస్తే సత్యం ఏ పక్కన పడాలో తేలదు. తనిఖీ చేయాల్సినవాళ్లు చేశారా లేదా అని గీత గీస్తే తేలుతుంది.

మధ్యలో నిలబడేవారు

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కంపెనీల విలువ కట్టడం నేర్పే అశ్వత్ దామోదరన్ 2017లో ప్రతిపాదించిన పద్ధతి ఈ తగవులో బాగా పనికొచ్చే పనిముట్టు. ప్రతి విలువ అంచనా వెనకా ఒక కథ ఉంటుంది, ఆ కథలో ప్రతి మాటా ఏదో ఒక అంకెగా మారాలి అంటాడాయన. మార్కెట్ పెద్దదని చెబితే ఆదాయపు వరుసలో, పోటీ లేదని చెబితే లాభశాతంలో అది కనబడాలి. ఆపైన కథ జరగడానికి వీలుందా, నమ్మదగ్గదా, జరిగే అవకాశం ఎక్కువా అని మూడు మెట్లలో జల్లెడ పట్టాలి.

మూడు పక్షాలను పక్కపక్కన పెడితే తేడా ఇలా కనబడుతుంది. కథ పక్షం వినేవాడిని కదిలించాల్సిన మనిషిగా చూస్తుంది, అనుమాన పక్షం కాపాడాల్సిన మనిషిగా చూస్తుంది, మధ్యేమార్గం లెక్క కట్టగల మనిషిగా చూస్తుంది. మొదటిదాని బలం అనుభవం, లోపం గెలిచినవాళ్ల ఉదాహరణలే ఏరుకోవడం. రెండోదాని బలం హెచ్చరిక, లోపం ప్రత్యామ్నాయం చెప్పకపోవడం. కథ లేని సమాచారాన్ని ఎవరు చదువుతారన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. మూడోదాని లోపం కొంపల్లిలో తేలిగ్గా తెలుస్తుంది. ఎక్సెల్ షీటు తెరిచి కథను అంకెల్లోకి మార్చుకోగలవాడు మదుపు సంస్థలో ఉంటాడు. ఇంటి జాగా కోసం నగలు కుదువబెట్టినవాడు ఉండడు.

ఇంకో కొలత కూడా కావాలి: కథ ముందొచ్చిందా, రుజువు ముందొచ్చిందా, మధ్యలో ఎంత కాలం గడిచింది? భారత్ బయోటెక్ దీనికి మంచి పాఠం. డోసు ఒక్క డాలరుకే అన్న మాటతో 2015లో వచ్చిన రోటావైరస్ టీకా రోటావ్యాక్ వెనుక ఢిల్లీ ఎయిమ్స్‌లో దొరికిన వైరస్ రకంతో మొదలైన దశాబ్దాల పరిశోధన, ముగిసిన మూడో దశ ప్రయోగాలు ఉన్నాయి. అదే సంస్థ కోవిడ్ టీకా కొవాగ్జిన్ దగ్గర వరస తిరగబడింది. స్వదేశీ టీకా అన్న కథ 2020లోనే దేశమంతా తిరిగింది. 2020 నవంబరులో ప్రధాని స్వయంగా తుర్కపల్లి జీనోమ్ వ్యాలీకి వచ్చి చూశారు. 2021 జనవరి 3న, మూడో దశ సామర్థ్య ఫలితాలు రాకముందే, క్లినికల్ ట్రయల్ పద్ధతిలో పరిమిత అనుమతి దొరికింది. ఆ విరామంలోనే సందేహాలన్నీ పుట్టాయి. టీకా వేయించుకోవాల్సిన వైద్య సిబ్బందిలోనూ కొందరు వెనకాడారు. మార్చి 1న ప్రధాని అదే టీకా వేయించుకున్న ఫొటో ఒక కథ, రెండు రోజులకు వచ్చిన 81 శాతం మధ్యంతర ఫలితం ఒక అంకె. 25,800 మంది ప్రయోగంలో చివరికి తేలిన సామర్థ్యం 77.8 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో నవంబరు 3న చేరింది.

టీకా పనిచేసింది. అయినా ఆ రెండు నెలల్లో కోల్పోయిన నమ్మకం కథ లేక పోయింది కాదు, కథ మరీ ముందు పరుగెత్తినందువల్ల పోయింది. దేశభక్తి కథ విన్నవారిలో కొందరికి ధైర్యమిస్తే, డేటా ఏదని అడిగినవారికి అదే కథ దాటవేతలా వినబడింది. కథ పక్షం పుస్తకాల్లో ఈ రెండో రకం శ్రోత కనబడడు.

ప్లాటు కథలు

ఇక కొంపల్లి అసలు సరుకు దగ్గరికి వస్తే, ఇక్కడి అమ్మకాల్లో నాలుగు కథలు తిరుగుతుంటాయి. ఒకటి పశ్చాత్తాపం కథ: సైబర్ టవర్స్ 1998లో తెరవకముందు మాదాపూర్‌లో గజం ఎంతుండేది, అప్పుడు వద్దనుకున్నవాళ్లు ఇప్పుడెలా ఉన్నారు. రెండోది రాబోయే రోజుల కథ: ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్, కండ్లకోయలో 2022లో శంకుస్థాపన చేసిన ఐటీ పార్కు, ప్యారడైజ్ నుంచి ఎలివేటెడ్ కారిడార్లు, మెట్రో. మూడోది కుటుంబం కథ, హోర్డింగు మీదిది. నాలుగోది తరుముకొచ్చే కథ: ఇంకా మూడే ప్లాట్లు మిగిలాయి, రేపటి నుంచి రేటు పెరుగుతుంది, టోకెన్ ఇచ్చి బ్లాక్ చేసుకోండి.

వీటిలో పశ్చాత్తాపం కథే అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. మాదాపూర్ రేటు నిజంగానే పెరిగింది. లోపమల్లా చెప్పని కథల్లో ఉంది. అదే రోజుల్లో ఇంకో దిక్కున కొని, లేఅవుట్‌కు అనుమతి లేక, రోడ్డు రాక, పాతికేళ్లుగా ముళ్లపొదలకు పన్ను కడుతున్నవాడు ఏ సైట్ ఆఫీసులోనూ పాత్ర కాడు. తాలెబ్ చెప్పిన దానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ అక్కర్లేదు.

చట్టం ఈ కథలను ఎంతవరకు పట్టుకుంది? 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), తెలంగాణ 2017లో చేసుకున్న నియమాలు కలిసి ఆట నిబంధనలను మార్చాయి. 3వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కావలసిన ప్రాజెక్టుకు ఆ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడవచ్చు. ప్రీ-లాంచ్ ఆఫర్ పేరుతో, అవిభాజ్య వాటా పేరుతో, కట్టని భవనాన్ని అమ్మే వ్యాపారం ఈ గీతకు అవతల ఉంది. 12వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది: ప్రకటననో, ప్రాస్పెక్టస్‌నో, మోడల్ ఫ్లాట్‌నో నమ్మి డబ్బు కట్టి నష్టపోతే, అందులోది తప్పని తేలితే బిల్డరు పరిహారమివ్వాలి, కొనుగోలుదారు వెనక్కి తగ్గితే కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగివ్వాలి. బ్రోచరులో గీసిన ఈతకొలను అంతవరకు అలంకారం, ఈ సెక్షన్ తర్వాత హామీ. కొన్ని కంపెనీల బ్రోచర్లలో బొమ్మలు తగ్గి కింద షరతుల అక్షరాలు పెరగడానికి ఈ భయమే కారణమనుకోవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం, దాని కింద 2022లో వచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు సినిమా తారల ప్రచారాన్ని కూడా జవాబుదారీలోకి తెచ్చాయి. నగల వ్యాపారంలో లలితా జ్యూవెలరీ కిరణ్‌కుమార్ ఎంచుకున్న దారి ఈ సందర్భంలో చెప్పుకోదగ్గది. ఆయన తానే తెర మీదికి వచ్చి, డబ్బులు ఎవరికీ ఊరికే రావని చెబుతూ, మా ఎస్టిమేట్‌ను ఫొటో తీసుకుని వేరే కొట్లలో పోల్చి చూసుకోమంటాడు. ఆ పోలిక ఎంతమంది నిజంగా చేస్తారన్నది వేరే సంగతి. కథలోనే తనిఖీకి దారి చూపించడం మాత్రం అమృతాంజనం ఉచిత నమూనాకు దగ్గరి చుట్టం. ప్లాటు అమ్మేవాళ్లలో లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ అనుమతి ముందు చేతిలో పెట్టి ఆ తర్వాత కథ ఎత్తుకునేవారు లేకపోలేదు. వాళ్ల హోర్డింగులు అంత అందంగా ఉండవు.

తేలనివి

మొదటిది, పైన చెప్పిన ప్రయోగాల్లో దాదాపు అన్నీ అమెరికాలో, ఐరోపాలో జరిగినవి. ఒగ్గుకథ, బుర్రకథ విని పెరిగి, వంతపాడేవాడు మధ్యలో ప్రశ్నలేస్తుంటే కథ వినడానికి అలవాటుపడిన శ్రోత, గ్రీన్, బ్రాక్‌ల శ్రోతలాగే కథలో నోరుమూసుకుని మునుగుతాడా? మన కథన పద్ధతుల్లో ఎదురుప్రశ్నకు ముందే చోటుంది. అది అమ్మకపు కథను బలహీనపరుస్తుందా, ఇంకా నమ్మదగ్గదిగా చేస్తుందా అన్నది ఇక్కడే, తెలుగులోనే పరీక్షించి చూడాల్సిన సంగతి.

రెండోది ఉద్యోగుల కథలు. కంపెనీలు తమ పనివాళ్లను బ్రాండ్ కథకులుగా మార్చుతున్నాయి. లింక్డిన్‌లో వాళ్లు రాసేది ఎవరి కథ, నచ్చనప్పుడు రాయకుండా ఉండే హక్కు ఉందా? బోజే లేవనెత్తిన ఈ ప్రశ్న మన ఐటీ, ఫార్మా ఆఫీసుల్లో చర్చకే రాలేదు.

మూడోది అన్నిటికన్నా జటిలం. రెరా చట్టం 10వ సెక్షన్ ఏజెంటు నోటిమాటగా చెప్పే తప్పుడు మాటను కూడా అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. నోటిమాటకు రుజువు తేవడం కష్టమన్నది పాత చిక్కే. కొత్త చిక్కు రాబోయే రోజుల కథతో వచ్చింది. ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రోకు సమగ్ర ప్రాజెక్టు నివేదికలు (డీపీఆర్‌లు) సిద్ధం చేయమని ముఖ్యమంత్రి 2025 జనవరిలో ఆదేశించారు. కాబట్టి ఇటు మెట్రో వస్తోందని ఏజెంటు చెబితే అది అబద్ధం కాదు. నిజమని తేలడానికి ఏళ్లు పడుతుంది, రాకపోతే తప్పు బిల్డరుది కాదు, ఏజెంటుది కాదు, ప్రకటించిన ప్రభుత్వాన్ని ప్లాటు కొన్నవాడు కోర్టుకు ఈడ్వలేడు. గజం రేటులో మాత్రం ఆ రైలు చార్జీ ఈరోజే కలిసిపోయింది. షేర్లు అమ్ముకునే కంపెనీ తన ప్రాస్పెక్టస్‌లో రిస్కు అంశాలను విడిగా రాసి తీరాలి. ప్లాటు బ్రోచరుకు అలాంటి పేజీ తప్పనిసరి కాలేదు.